కట్టు మాష్టారి కారు

మా వదినకి నోరు లేదనీ, నాకు నోరు తప్ప ఇంకేం లేదనీ మా అన్నయ్య అంటూ ఉంటాడు. అననీ. తనకేం, పొద్దున్నే కడుపునిండా తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆఫీసుకి పోతాడు. షెడ్డులో దుమ్ము తినేది మేమిద్దరం. ముందువైపు నా కుట్టుమిషను. నేను కార్లకి సీటు కవర్లు కుడతాను. వెనకవైపు వదిన. తను బళ్ళకి వైరింగు పని చేస్తుంది. ఆడమనిషి బానెట్ కింద తల దూర్చి పని చేస్తోందంటే మొదట్లో వింత చూడ్డానికే వచ్చేవాళ్ళు కొందరు. ఊరికే చూసి పోనిస్తానా? ఒక్కొక్కరికీ సీటు కవర్లు అంటగట్టి పంపేదాన్ని.

వదినకి ఆ పని నేర్పింది వాళ్ళ నాన్న. నాకు వరసకి మావయ్యగారు. మా షెడ్డు వెనక వీధి దాటితే ఆయన షాపు. ఆయన్ని అందరూ కట్టు మాష్టారు అంటారు. ఎందుకో చెప్తాను, అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. రెండు తీగలు అతకాల్సి వస్తే మిగతావాళ్ళు మెలిపెట్టి, పైన టేపు చుట్టేసి, చేతులు దులుపుకుంటారు. ఈయన అలా కాదు. మెలిపెట్టి, సీసం కరిగించి పోసి, చల్లారాక రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగి చూస్తారు. ఊడకపోతే పైన గొట్టం తొడిగి, ఆఖర్న మైనం రాసిన నూలు దారంతో బిగించి కట్టు కడతారు. లాగి చూడకుండా దారం ముట్టుకోరు. అందుకని ఎక్కడైనా ఆ దారం కట్టు కనబడిందంటే అతుకు పరీక్ష అయిపోయిందని లెక్క. ఇంక దాన్ని ఎవరూ విప్పరు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ప్రతివాళ్ళకీ అదే మొదటి పాఠం. వదిన మరీనూ. ఎవరి బండిలోనైనా వాళ్ళ నాన్న కట్టు కనబడితే వేలితో ఒకసారి నిమిరి, జాగ్రత్తగా పక్కకి జరుపుతుంది.

నాతో ఆయనకి ఎప్పుడూ పరాచికాలే. "ఏమ్మా కుట్టుమిషనూ, నీ కుట్టు మనిషి కూర్చుంటే ఊడుతుంది, నా కట్టు బండి తుక్కైపోయినా ఊడదు" అనేవారు. ఆ పేరు కుడుతున్నందుకు కాదట, ఆగకుండా వాగుతున్నందుకట. "మీ కట్టు ఎవరి కంటా పడదు మావయ్యగారూ, నా కుట్టు మీద జనం దర్జాగా కూర్చుంటారు" అనేదాన్ని. పకపకా నవ్వేవారు.

ఈ ఏడు వానలు మొదలయ్యే ముందు ఆయన తన కారు మా అన్నయ్యకి ఇచ్చేశారు. పాత కారే గానీ చేతిలో పెట్టుకుని పెంచినట్టు చూసుకున్నారు దాన్ని. "సాయంత్రం పూట రోడ్డు కంటికి ఆనడం లేదు అల్లుడూ, నువ్వు తిప్పుకో" అన్నారు. అన్నయ్య మురిసి ముక్కలైపోయాడు. మర్నాటి నుంచి మా మేనకోడల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, బడి దగ్గర దింపి ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టాడు.

ముందు హారన్ తిక్క మొదలైంది. ఎడమకి తిప్పితే చాలు, దానంతటదే మోగేది. వీధిలో వాళ్ళంతా తిరిగి చూస్తుంటే అన్నయ్యకి తల కొట్టేసినట్టుండేది, నేనేమో కడుపు పట్టుకుని నవ్వేదాన్ని. తర్వాత బ్రేకు తొక్కితే లోపలి దీపం వెలగడం. సాయంత్రం బాగున్న బ్యాటరీ పొద్దున్నకి చచ్చి ఉండడం. ఆ తర్వాత వాసన. ప్లాస్టిక్ దువ్వెన పొయ్యి దగ్గర మర్చిపోతే వస్తుందే, ఆ వాసన. అద్దాలు దింపితే పోయేది, ఎక్కిస్తే మళ్ళీ వచ్చేది. అప్పుడు నాకు నవ్వు ఆగిపోయింది.

ఓ వాన రోజున పిల్ల బడి నుంచి వచ్చి, నా మిషను పక్కన సంచి పడేసి, "అత్తా, కారులో నేను కూర్చునే చోటు వెచ్చగా ఉంటుంది తెలుసా! భలే హాయిగా ఉంది" అంది.

నేను మిషను ఆపేశాను. వెనకనుంచి వదిన వచ్చి పిల్లని దగ్గరికి లాక్కుని, గౌను వెనక తడిమి చూసింది. తర్వాత బయట కారు దిగుతున్న అన్నయ్యని చూసి, "ఇంక ఈ బండి కదలడానికి వీల్లేదు. నేను చెప్పేదాకా" అంది.

"మీ నాన్న బండే కదా, ఏమవుతుంది?" అన్నాడు అన్నయ్య.

"పిల్ల కూర్చునే సీటు కింద ఏముందో తెలుసా మీకు? పెట్రోలు ట్యాంకు."

అన్నయ్య తాళాలు తెచ్చి వదిన చేతిలో పెట్టేశాడు. ఇంట్లో ఆ పూట ఎవరం సరిగ్గా తినలేదు.

వదిన ముందు వెనక సీటే ఎత్తి చూసింది, ఆ మాట ఒప్పుకోవాలి. ట్యాంకు మీదుగా పంపుకి వెళ్ళే తీగ ఉంది. దాని మధ్యలో ఒక అతుకు ఉంది. అతుకు మీద వాళ్ళ నాన్న కట్టు, చక్కగా, వరసగా. వేలితో నిమిరింది. "ఇక్కడేం లేదు. నాన్న కట్టు ఉంది. కింద సైలెన్సరు గొట్టం వేడి తగులుతుందేమో. అసలు రోగం ముందువైపు ఉంటుంది" అని సీటు దింపేసింది. నేను పక్కనే ఉండి, "ఆహా" అన్నాను. మనకేం తెలుసు.

డాష్‌బోర్డు విప్పేసరికి వదిన మొహం చూడాలి. కింద పొర తీగలన్నీ రంగు రంగులుగా, జడ అల్లినట్టు తీరుగా ఉన్నాయి. దాని మీద ఇంకో పొర. అన్నీ ఎర్రతీగలే. ఏది దేనికో రాసిన ఆనవాలు లేదు. కొన్ని మెలిపెట్టి వదిలేశారు, టేపు జిగురు కారిపోయి చేతికి అంటుకుంటోంది. ఒక తీగ అటు చుట్టి ఇటు చుట్టి ఎక్కడికీ వెళ్ళకుండా గాల్లో ఆగిపోయింది. హారన్ తీగకి తోలు లేచిపోయి స్టీరింగు కడ్డీకి రాసుకుంటోంది. ఫ్యూజులు ఉండాల్సిన చోట సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం మడతపెట్టి దూర్చారు. ఫ్యూజు అంటే ఏంటి? ఎక్కడైనా తేడా వస్తే ముందు అది కాలిపోయి బండిని కాపాడాలి. వెండి కాగితం కాలదు. బండి కాలుతుంది.

"వీడి దుంప తెగ! ఎవడు వదినా ఈ పని చేసింది?" అన్నాను.

"ఎవడో నాన్న బండిలో చెయ్యి పెట్టాడు. ఆయనకి జ్వరం వచ్చినప్పుడు బయట ఎవరికైనా ఇచ్చుంటారు."

"పద, మీ నాన్ననడిగి ఆ మహానుభావుడెవరో తెలుసుకుందాం. వాడి షాపు ముందు నిలబడి నాలుగు కడిగేసి వస్తాను."

"వద్దు. నాన్నకి తెలిస్తే కుమిలిపోతారు. ముందు పని కానీ."

వారం పట్టిందో పదిరోజులు పట్టిందో, ఎర్రతీగ ఒక్కటి మిగలకుండా పీకి పారేసింది. ఫ్యూజులు కొత్తవి వేసింది. కట్టు కనబడ్డ చోటల్లా నిమిరి, పక్కకి జరిపి, మిగతా పని చేసుకుపోయింది. హారన్ దారికొచ్చింది. దీపాలు దారికొచ్చాయి. ఆఖర్న ఇంజను ఆన్ చేసి, అద్దాలన్నీ ఎక్కించి, మేమిద్దరం లోపల కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. నేను అప్పుడే ఏదో వాగుడు మొదలుపెట్టాను. వదిన నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఉండు" అంది.

మళ్ళీ అదే వాసన.

వదిన దిగి తలుపు వేసింది. "ఇంకేం మిగల్లేదు. ముందు నుంచి వెనక దాకా అన్నీ నేనే మార్చాను. మిగిలినవి నాన్న కట్లే" అంది.

"అయితే వాటిలోనే ఉందేమో."

"నీకేమైనా మతి పోయిందా?"

నాకు ఒళ్ళు మండింది. ఒకపక్క పిల్ల కూర్చునే చోటు, ఇంకోపక్క ఈవిడగారి పాఠాలు! మాట్లాడకుండా వెళ్ళి వెనక సీటు పూర్తిగా ఊడదీసి, షెడ్డు మధ్యలో బోర్లా పడేశాను. సీట్ల సంగతి నాకు తెలుసు కదా. అడుగు గుడ్డ కోసి లోపల నురుగు చూస్తే అరచేయంత మేర గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడి పొడిగా రాలింది. తిన్నగా దాని కింద ఉన్నది ఆ కట్టే. వేలు పెట్టాను. చురుక్కుమంది.

"వదినా, బ్యాటరీ తీగ పీకి ఇది విప్పు."

"నాన్న కట్టు విప్పేదేంటి?"

"నువ్వు విప్పకపోతే నేను విప్పుతాను."

"నీకేం తెలుసు? ఆయన లాగి చూడకుండా కట్టరు. నా పెళ్ళినాడు కూడా బండి కింద పడుకుని ఒక అతుకు లాగి చూసి వచ్చిన మనిషి ఆయన."

చివరికి బ్యాటరీ తీగ తనే పీకింది. కత్తెర మాత్రం నాది. దారం ఒక్కో చుట్టూ తెంపుతుంటే తను మొహం పక్కకి తిప్పుకుంది. దారం రాలింది. గొట్టం లోపలివైపు మాడి నల్లగా ఉంది. దాన్ని జరిపితే సీసం లేదు. మెలిక లేదు. తోలు ఒలిచిన రెండు తీగలు పక్కపక్కన పడుకోబెట్టి ఉన్నాయి. అంతే. పైన దారం మాత్రం ఒక్క చుట్టు తప్పకుండా, ఒక్క పోగు లేవకుండా కట్టి ఉంది.

వదిన ఇటు తిరిగి చూసి, "ఎవడో నాన్న కట్టు చూసి నేర్చుకుని ఉంటాడు" అంది.

నేను కింద పడ్డ దారం తీసి చూపించాను. "నేను ముడుల మీద బతికేదాన్ని వదినా. ఈ ముడి ఎడమచేతి వాటం మనిషిది. మీ నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎడమచేతి వాళ్ళు ఎవరున్నారు?"

ఎవరూ లేరు. ఎడమచేతి వాటం ఆయనొక్కరిదే.

తను నేల మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆ ఎర్రతీగలూ, ఆ వెండి కాగితాలూ వేసిన చెయ్యి ఎవరిదో తనకి అప్పుడు ఒక్కసారిగా అర్థమైంది, నాకూ అర్థమైంది. మనిషి మామూలుగానే నవ్వుతున్నారు, మామూలుగానే నన్ను ఏడిపిస్తున్నారు. చేతులకి దారం కట్టడం గుర్తుంది. దారం కింద ఏం చెయ్యాలో గుర్తు లేదు. అప్పుడు వదిన అంది, "పొద్దున నాన్న షాపు ముందు బ్రెడ్డు వ్యాను ఉంది."

ఇద్దరం చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బయల్దేరాం.

షాపు ఎప్పట్లాగే ఉంది. పనిముట్లన్నీ గోడకి వరసగా, నేల ఊడ్చి, బల్ల తుడిచి. ఆయన స్టూలు మీద కూర్చుని దారానికి మైనం రాస్తున్నారు. "రా కుట్టుమిషనూ, ఇవాళ వాన నీతోనే వచ్చిందా?" అన్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని, ఆ పూట వదిన వెనక్కి జరిగి నిలబడ్డాను.

వదిన గుప్పిట విప్పి, ఆ మాడిన తీగలు బల్ల మీద పెట్టింది. దారం లేదు కదా, వట్టి తీగలు. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, వెలుగులోకి ఎత్తి చూశారు.

"ఛీ! ఏ చేతకాని వెధవ చేసిన పని ఇది? సీసం కూడా పొయ్యలేదు. వీడి చేతికి కటింగ్ ప్లేయరు ఇచ్చినవాడిని ముందు తన్నాలి. ఏ బండిలోదమ్మా?"

వదిన నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

"మన కారులోదే నాన్నా. పిల్ల కూర్చునే సీటు కింద."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. హఠాత్తుగా లేచి చొక్కా తగిలించుకున్నారు. "నా బండి మీదే చెయ్యి వేశాడంటే నేను చేసిన బళ్ళన్నిటి మీదా పడి ఉంటాడు. నా మీద ఎవడికో కసి. పదండి, ఒక్కొక్కటీ చూద్దాం. మనుషులు తిరిగే బళ్ళమ్మా అవి!"

చెప్పేయ్ వదినా, చెప్పేయ్ అని నాలో నేను మొత్తుకుంటున్నాను. తను చెప్పలేకపోయింది. నేను మాత్రం చెప్పానా? పెద్ద నోరున్నదాన్ని.

బ్రెడ్డు వ్యాను గుమ్మంలోనే ఉంది. ఆయన ముందు కూర్చుని, టేపు వేసిన అతుకులన్నీ విప్పి చూస్తూ తిట్టడం మొదలుపెట్టారు. "చూశావా, ఇక్కడా వాడే! ఇదిగో, మళ్ళీ వెండి కాగితం! వీడి చేతులు పడిపోనూ!" తనని తాను అంత నిష్ఠగా తిట్టుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇంకో సమయంలో అయితే నవ్వొచ్చేది. తన కట్లు కనబడితే మాత్రం ఆయన కూడా వదినలాగే నిమిరి, పక్కకి జరుపుతున్నారు. ఆయన ముందుకి జరగ్గానే వెనకనుంచి వదిన చప్పుడు కాకుండా ఆ కట్టు తెంపుతోంది. కొన్ని మంచివే, సీసం మెరుస్తోంది. కొన్నిట్లో వట్టి తీగలు. గబగబా మెలిపెట్టి, సీసం పోసి, మూసేస్తోంది. ఆయన తల తిప్పకుండా నేను అడ్డం నిలబడి, అవీ ఇవీ అడుగుతున్నాను.

"ఈ మధ్య ఇంకా ఏ బళ్ళు వచ్చాయి నాన్నా?" అని వదిన అడిగింది.

ఆయన ఆలోచించారు. నుదురు రుద్దుకున్నారు. "ట్యాక్సీ స్టాండు వాళ్ళది ఒకటి వచ్చింది... మెరూన్ రంగుది" అన్నారు.

స్టాండుకి వెళ్ళాం. వాన తెరిపిచ్చింది. స్టాండంతా ఖాళీ, ఆ మెరూన్ బండి ఒక్కటే ఉంది. దాని ఓనరు మాష్టార్ని చూసి ఎదురొచ్చి దండం పెట్టాడు. "మీరు రావడమేంటి మాష్టారూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా. మీ కట్టు పడ్డాక కళ్ళు మూసుకుని నడుపుతున్నాననుకోండి" అన్నాడు. మంచివాడు పాపం.

మావయ్యగారు డాష్‌బోర్డు కింద దూరారు. వదిన వెనక తలుపు తీసి సీటు ఎత్తింది. నేను ట్యాక్సీ ఆయన్ని మాటల్లో పెట్టాను. అంతా సజావుగానే సాగేది. తలుపు మీంచి కారిన వాన నీళ్ళు మెడలో పడి మావయ్యగారు తల బయటికి తీసి వెనక్కి చూశారు. వదిన చేతిలో కత్తెర ఉంది, కట్టు సగం తెగి వేలాడుతోంది.

"అమ్మాయ్!"

ఆ కేకకి వీధిలో పోయేవాళ్ళు ఆగారు.

"నా కట్టు విప్పుతున్నావా? నువ్వా?"

వదిన కత్తెర కింద పెట్టింది గానీ చెయ్యి తియ్యలేదు. "చూడాలి నాన్నా" అంది.

"ఏం చూడాలి? నీకు నేను నేర్పింది ఇదేనా? ఎవడో వెధవ చేసిన దానికి నా పని మీద అనుమానమా?" కోపం కాదు అది, మనసు విరిగిపోయింది. ట్యాక్సీ ఆయన మధ్యలోకి వచ్చి ఏదో సర్దిచెప్పబోయాడు. మావయ్యగారు వినిపించుకోలేదు. వదినని పక్కకి నెట్టి సీటు మీద మోకాలు ఆన్చి, ఆ అతుకుని రెండు చేతులా పట్టుకున్నారు. "చూడు. అందరూ చూడండి. ఇదీ నా అతుకు" అని గట్టిగా లాగారు.

లాగీ లాగకముందే ఊడొచ్చింది. ఒక చేతిలో ఒక తీగ, రెండో చేతిలో ఇంకో తీగ. మధ్యలో ఖాళీ దారం చుట్టలు జారి కింద పడ్డాయి.

ఆయన ఆ దారం తీసుకున్నారు. మిగిలిన ముడిని ఎడమచేతి బొటనవేలితో ఒక్కసారి అలా నొక్కారు, అది విడిపోయింది. ఆయన వేళ్ళకి తప్ప ఎవరికీ అంత తేలిగ్గా విడిపోని ముడి అది, నేనైతే కత్తెరతో తెంపాల్సి వచ్చింది. తీగల కొసలు చూశారు. మెలిపెట్టిన గుర్తు కోసం కాబోలు, గోటితో గీకి చూశారు. తర్వాత తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నారు.

"నాన్నా, దిగు. ఇంటికి పోదాం" అంది వదిన. ఈసారి ఏడుస్తూనే అంది.

ట్యాక్సీ ఆయనకి మెల్లిగా విషయం ఎక్కింది. మొహం పాలిపోయింది. "మాష్టారూ, మా స్టాండులో బళ్ళన్నీ నేనే మీ దగ్గరికి పంపాను కదండీ. అందరూ కిరాయిల మీద ఉన్నారు ఇప్పుడు" అని ఫోను తీసి ఒక్కొక్కరికీ చెయ్యడం మొదలుపెట్టాడు. "బండి పక్కకి ఆపు. అడక్కు, ముందు ఆపి జనాన్ని దింపు" అని ఒకరికి అరుస్తున్నాడు. ఇంకొకరు ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

మావయ్యగారు మెల్లగా సీటు మీద కూర్చున్నారు. ఖాళీ స్టాండుకేసి, దాని అవతల రోడ్డు మీద వెళ్తున్న బళ్ళకేసి చూశారు. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను, ఆయనకి తెలిసినట్టు లేదు.

"ఇంకా ఎన్ని ఉన్నాయమ్మా?" అన్నారు వదినతో.

"నాకు తెలీదు నాన్నా. నువ్వే చెప్పాలి. కొంచెం గుర్తు తెచ్చుకో. ఎవరెవరు వచ్చారు?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయారు. పెదవులు కదిలాయి. ఒకటో రెండో పేర్లు నోటిదాకా వచ్చి వెనక్కి పోయినట్టున్నాయి.

"నాకూ తెలీదమ్మా" అన్నారు.